సముద్రం వేడి, మన వానలు, తుపాన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఏప్రిల్ వచ్చేసరికి టీవీల్లో ఎల్ నినో మాట మొదలవుతుంది. ఆ మాట వింటే చాలు, రైతుకి టెన్షన్. అక్టోబరుకల్లా అది పక్కకిపోయి వాయుగుండం మాట వస్తుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందా, అమెరికాలో ఉన్న మన పిల్లలు చెప్పే హరికేన్లకీ దీనికీ ఏమిటి లింకు అని చాలామంది అడుగుతుంటారు. వాళ్లు అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

ఎక్కడో పసిఫిక్‌లో నీళ్లు వేడెక్కితే మన ఊళ్లో వాన ఎందుకు మారుతుంది?

గాలిని నడిపేది వేడి. సముద్రం బాగా వెచ్చగా ఉన్నచోట నీరు ఆవిరవుతుంది, గాలి తేలికై పైకి లేస్తుంది, మబ్బులు కట్టి వాన పడుతుంది. అలా లేచిన గాలి ఇంకెక్కడో కిందికి దిగాలి. దిగేచోట మబ్బు పట్టదు. పసిఫిక్ మహాసముద్రం ఒక్కటే భూగోళంలో దాదాపు మూడో వంతు. అంత పెద్ద సముద్రంలో గాలి లేచే చోటు వేల కిలోమీటర్లు పక్కకి జరిగితే, దిగే చోటూ జరుగుతుంది. ఆ దిగే గాలి మన నెత్తిమీదికి వస్తే వానకాలం చప్పబడుతుంది.

ఎల్ నినో అంటే అసలు ఏం జరుగుతుంది?

వేడి పాలగ్లాసు చేతిలోకి తీసుకుని ఒక పక్క నుంచి ఊదండి. మీగడ అవతలి అంచుకి వెళ్లి ముడుచుకుంటుంది. మీ వైపు మీగడ లేని పాలు తేలతాయి. ఊదడం ఆపితే మీగడ మెల్లగా వెనక్కి జారి గ్లాసంతా పరుచుకుంటుంది.

పసిఫిక్‌లోనూ ఇదే జరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర గాలులు మామూలుగా తూర్పు నుంచి పడమటికి, అంటే దక్షిణ అమెరికా వైపు నుంచి ఇండోనేసియా వైపు వీస్తాయి. ఎండకి కాగిన పైనీటిని అవి ఇండోనేసియా పక్కకి నెట్టి పోగుచేస్తాయి. ఆ పక్క సముద్రమట్టం ఈ పక్క కన్నా దాదాపు అర మీటరు ఎత్తుగా ఉంటుందంటే ఆ గాలుల బలం ఎంతో చూడండి. పెరూ తీరంలో పైనీరు వెళ్లిపోయిన ఖాళీలోకి అడుగు నుంచి చల్లటి నీరు ఉబికి వస్తుంది. దాంతోపాటు చేపలకి మేత వస్తుంది. అందుకే ఆంకోవీ అనే చిన్న చేపలకి పెరూ తీరం పేరుపడింది.

కొన్నేళ్లకోసారి ఈ గాలులు నీరసిస్తాయి. పోగుపడిన వెచ్చని నీరు తూర్పుకి మళ్లుతుంది. అదే ఎల్ నినో. పెరూ జాలర్లు దీన్ని క్రిస్మస్ రోజుల్లో గమనించారు కాబట్టి బాల ఏసు పేరుమీద ఎల్ నినో అన్నారు. స్పానిష్‌లో 'చిన్న పిల్లవాడు' అని అర్థం. వాళ్ల వలల్లో చేపలు తగ్గడమే ఈ సంగతికి మొదటి ఆనవాలు.

మరి లా నినా?

దీనికి తిరగబడింది. గాలులు మామూలుకన్నా గట్టిగా వీస్తాయి, మధ్య, తూర్పు పసిఫిక్ ఇంకా చల్లబడుతుంది. ఎల్ నినో సాధారణంగా ఏడాదిలోపే సర్దుకుంటుంది. లా నినా ఒక్కోసారి రెండు మూడేళ్లు వదలదు. 2020 నుంచి 2023 ఆరంభం దాకా వరసగా మూడు శీతాకాలాలు అదే నడిచింది.

ఎన్ని డిగ్రీలు పెరిగితే ఎల్ నినో అంటారు?

మధ్య పసిఫిక్‌లో గుర్తుపెట్టుకున్న ఒక ప్రాంతంలో ఉపరితల ఉష్ణోగ్రత సగటుకన్నా అర డిగ్రీ, ఆపైన పెరిగి కొన్ని నెలలపాటు అలాగే నిలవాలి. అర డిగ్రీయేనా అనిపించవచ్చు. కానీ అది భారతదేశం కన్నా చాలా పెద్ద నీటి మైదానం మీద అర డిగ్రీ. 1997-98, 2015-16 లాంటి బలమైన వాటిలో పెరుగుదల 2 డిగ్రీలు దాటింది.

దీన్ని కనిపెట్టింది ఎవరు?

ఒక ముక్క మన దేశంలోనే దొరికింది, అదీ కరువుల వల్ల. 1876-78 కరువు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీని, అందులో మన రాయలసీమని ఊడ్చేసింది. ఆ కాలంలో వచ్చిన ఎల్ నినో చరిత్రలో చాలా బలమైన వాటిలో ఒకటని ఇప్పుడు మనకి తెలుసు. అప్పట్లో ఎవరికీ తెలియదు. 1899లో మళ్లీ వానలు మొహం చాటేశాయి. రుతుపవనాలని ముందే చెప్పగలిగే దారి వెతకమని 1904లో గిల్బర్ట్ వాకర్ అనే గణిత శాస్త్రవేత్తకి భారత వాతావరణ శాఖ అప్పగించారు. ఆయన దేశదేశాల గాలి పీడనాల లెక్కలు తెప్పించి, గుమాస్తాల చేత ఏళ్లతరబడి చేత్తోనే గుణింపించాడు. పసిఫిక్‌లో పీడనం పెరిగితే హిందూ మహాసముద్రంలో తగ్గుతుంది, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుంది, ఉయ్యాలబల్ల లాగా. దీనికి ఆయన 'సదరన్ ఆసిలేషన్' అని పేరు పెట్టాడు. ఈ ఉయ్యాలబల్లా, పెరూ జాలర్ల వెచ్చని నీరూ ఒకే వ్యవహారమని 1969లో యాకబ్ బ్యర్క్‌నెస్ అనే వాతావరణ శాస్త్రవేత్త ముడివేసి చూపించాడు.

మన కరువుల్లో పోయిన ప్రాణాలు ఈ శాస్త్రం వెనక ఉన్నాయి. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా గట్టిగా చెప్పాలని నాకు అనిపిస్తుంది.

ఎల్ నినో వస్తే కరువు ఖాయమేనా?

కాదు. కరువు వచ్చే అవకాశం పెరుగుతుంది, అంతవరకే.

లెక్కలు చూడండి. 2002లో ఎల్ నినో ఒక మోస్తరుదే. కానీ జులైలో దేశానికి పడాల్సిన వానలో సగం కూడా పడలేదు, సీజన్ 81 శాతం దగ్గర ముగిసింది. 2009లో 78 శాతం. 2015లో 86. ఇవన్నీ ఎల్ నినో ఏళ్లే. కానీ 1997లో, గత శతాబ్దంలోకెల్లా పెద్ద ఎల్ నినోల్లో ఒకటి నడుస్తుండగా, దేశంలో 102 శాతం వాన పడింది. 2023లో ఆగస్టు నెల 1901 నుంచీ ఉన్న రికార్డుల్లోకెల్లా పొడిగా గడిచింది. అయినా సెప్టెంబరు ఆదుకోవడంతో సీజన్ మొత్తం 94 శాతానికి చేరింది.

ఈ శాతాలు దేశం మొత్తానివి. 94 శాతం అంటే కాగితం మీద పెద్ద లోటేమీ కాదు. కానీ ఆగస్టులో పొట్టదశలో ఉన్న పంటకి సెప్టెంబరు వాన ఏం చేసుకోవాలి? ఎంత పడిందన్నదాని కన్నా ఎప్పుడు పడిందన్నదే రైతుకి లెక్క. పసిఫిక్‌ని చూసి ఆ 'ఎప్పుడు'ని ఎవరూ చెప్పలేరు.

1997లో ఎలా గట్టెక్కాం?

హిందూ మహాసముద్రం సాయం చేసింది. దానికీ సొంత ఉయ్యాలబల్ల ఒకటి ఉందని 1999లో జపాన్‌లో పనిచేస్తున్న శాస్త్రవేత్తలు బయటపెట్టారు. వాళ్లలో మన దేశం నుంచి వెళ్లిన వాళ్లూ ఉన్నారు. దాన్ని ఇండియన్ ఓషన్ డైపోల్ అంటారు. ఆఫ్రికా పక్క వెచ్చబడి సుమత్రా పక్క చల్లబడితే 'పాజిటివ్', అది తిరగబడితే 'నెగెటివ్'. పాజిటివ్ అయితే మన వైపు తేమ బాగా వస్తుంది. 1997లో అది బలంగా ఉండి ఎల్ నినోకి అడ్డుపడింది. 2019లో ఇంకా గట్టిగా వచ్చింది. ఆ ఏడాది మనకి 110 శాతం వాన, తూర్పు ఆఫ్రికాలో వరదలు, ఆస్ట్రేలియాలో అడవులు తగలబడేంత ఎండ. ఒకే నీటి ఊగిసలాట మూడు చోట్ల మూడు రకాలుగా కనిపించింది.

నెల్లూరు, చిత్తూరు వాళ్లకి కూడా ఎల్ నినో చెడ్డదేనా?

చాలాసార్లు దీనికి తిరగబడింది జరుగుతుంది. నెల్లూరు జిల్లాకి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. ఎల్ నినో నైరుతిని దెబ్బతీసినా ఈశాన్యానికి ఊపునిస్తుంది. 2015 నవంబరులో నెల్లూరు, తిరుపతి, డిసెంబరు మొదట్లో చెన్నై నీట మునిగింది అలాంటి ఏడాదే. అదే సంవత్సరం వేసవిలో వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు.

లా నినా ఏడాది ఈశాన్యం నీరసపడాలని సూత్రం. 2021 లా నినా ఏడాది. ఆ నవంబరులోనే తిరుపతి వీధులు వాగులయ్యాయి, కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయాయి. సూత్రాన్ని నమ్ముకుని ఏటి ఒడ్డున నిశ్చింతగా పడుకోకూడదని ఎవరైనా అంటే, చెయ్యేరు పక్క వాళ్లకి దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

హరికేన్, టైఫూన్, తుపాను వేర్వేరా?

ఒకటే. అట్లాంటిక్‌లో, అమెరికా పక్క పసిఫిక్‌లో హరికేన్, జపాన్, ఫిలిప్పీన్స్ వైపు టైఫూన్, మనకి తుపాను. ఒక చిన్న తేడా గుర్తుంచుకోండి: మన దగ్గర గాలి గంటకి 62 కిలోమీటర్లకి చేరితే తుపాను అనేసి పేరు పెడతారు. అక్కడ హరికేన్ అనాలంటే 119 కావాలి. అంటే మన 'అతి తీవ్ర తుపాను'కి సమానం.

తుపాను పుట్టడానికి నీరు ఎంత వెచ్చగా ఉండాలి?

సుమారు 26.5 డిగ్రీలు, అదీ పైపైన కాదు, 50 మీటర్ల లోతు దాకా. తుపాను తన గాలితో సముద్రాన్ని కలియబెడుతుంది. కింద చల్లటి నీరుంటే అది పైకొచ్చి తుపాను పొయ్యిని తనే ఆర్పేస్తుంది. కింద కూడా వేడి నిలవ ఉంటే మంట ఆరదు.

వేడి ఒక్కటే చాలదు. కింద గాలి, పైన గాలి ఇంచుమించు ఒకే తీరున ఉండాలి. నిటారుగా వేస్తున్న వరికుప్ప పైభాగాన్ని ఎవరో పక్కకి తోస్తున్నట్టుగా, పైగాలి వేరే దిక్కున గట్టిగా వీస్తే మేఘాల గోపురం ఒరిగి చెదిరిపోతుంది. జులై, ఆగస్టుల్లో బంగాళాఖాతం వెచ్చగానే ఉన్నా పెద్ద తుపాన్లు రాకపోవడానికి ఇదే కారణం. రుతుపవనాలు కింద ఒక దిక్కున, పైన దానికి ఎదురు దిక్కున వీస్తుంటాయి. అందుకే ఆ నెలల్లో అల్పపీడనాలు, వాయుగుండాల దగ్గరే ఆగిపోతాయి. మన తుపాన్లు ఏప్రిల్ నుంచి జూన్ మొదటి దాకా, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి.

ఎల్ నినో ఏడాది అమెరికాలో హరికేన్లు తగ్గుతాయంటారు. ఎందుకు?

పైన చెప్పిన కుప్ప సంగతే. తూర్పు పసిఫిక్ వెచ్చబడితే అక్కడ లేచిన మేఘాల వల్ల కరీబియన్ మీద పైగాలి పడమటి నుంచి గట్టిపడుతుంది. కింద గాలి తూర్పు నుంచి వీస్తుంది. మధ్యలో పుట్టబోయే తుపాను నిలదొక్కుకోలేదు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన విలియం గ్రే దీన్ని 1984లో నిరూపించి, సీజన్ మొదలవకముందే ఎన్ని హరికేన్లు రావచ్చో చెప్పే పద్ధతి ప్రారంభించాడు. లా నినా ఏడాది ఆ అడ్డు తొలగిపోతుంది. 2020లో అట్లాంటిక్‌లో పేరున్న తుపాన్లు 30 వచ్చాయి. జాబితాలో పేర్లు అయిపోయి గ్రీకు అక్షరాలు పెట్టాల్సి వచ్చింది.

ఎల్ నినోతో అమెరికా ఖండమంతా ఊపిరి పీల్చుకుంటుందనీ కాదు. అట్లాంటిక్‌లో తగ్గితే అటు మెక్సికో పడమటి తీరంలో పెరుగుతాయి. 2015లో పాట్రీషియా, 2023లో అకపుల్కో నగరాన్ని ఊడ్చేసిన ఓటిస్, రెండూ ఎల్ నినో ఏళ్లవే. ఓటిస్ ఒక్క రోజులో మామూలు తుపాను నుంచి అత్యంత తీవ్రమైన తరగతికి ఎదిగింది. జనానికి సర్దుకునే టైమే దొరకలేదు.

2023లో ఎల్ నినో ఉన్నా అట్లాంటిక్‌లో 20 తుపాన్లు ఎలా వచ్చాయి?

ఆ ఏడాది అట్లాంటిక్ తనే మునుపెన్నడూ లేనంతగా వేడెక్కింది. జులైలో ఫ్లోరిడా కొసన లోతు తక్కువ ఉన్న ఒక అఖాతంలో నీరు 38 డిగ్రీలు చూపించింది. స్నానానికి కాచుకునే నీళ్ల వేడి అది. పైగాలి అడ్డుపడుతున్నా కింద పొయ్యి అంత మండుతుంటే ఏమవుతుందో ఆ సీజన్ చూపించింది. అట్లాంటిక్‌కి దశాబ్దాల తరబడి నడిచే ఎత్తుపల్లాలు కూడా ఉన్నాయి. 1995 నుంచి అది చురుకైన దశలోనే ఉంది.

మా అబ్బాయి హ్యూస్టన్‌లో ఉంటాడు. ఈ ఏడాది హరికేన్లు తక్కువని చెబితే నిశ్చింతగా ఉండొచ్చా?

వద్దండి. 1992 చాలా మందకొడి సీజన్. ఆగస్టు సగం గడిచేదాకా పేరు పెట్టే తుపానే రాలేదు. మొదట వచ్చినది ఆండ్రూ. ఆగస్టు 24న దక్షిణ ఫ్లోరిడాని నేలమట్టం చేసింది. సీజన్ మొత్తమ్మీద పేరు పెట్టినవి ఆరే, కానీ ఆ ఊరివాళ్లకి ఒక్కటే చాలింది.

హ్యూస్టన్‌కి గాలి కన్నా నీరే ఎక్కువ ముప్పు. 2017 ఆగస్టులో హార్వీ ఆ ప్రాంతం మీద కదలకుండా కూర్చుని, టెక్సాస్‌లో ఒకచోట 1,500 మిల్లీమీటర్లకి పైగా కురిసింది. మన హైదరాబాదుకి ఏడాది మొత్తంలో పడే వానకన్నా ఎక్కువ, కొద్ది రోజుల్లోనే. 2024 జులైలో బెరిల్ తీరం దాటినప్పుడు కనిష్ఠ తరగతి హరికేన్. అయినా ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది, ఆ ఎండల్లో కొందరికి రోజుల తరబడి రాలేదు. కాబట్టి మీ అబ్బాయి అద్దెకున్న ఇల్లు పల్లంలో ఉందా, వరద బీమా ఉందా, మంచినీళ్లు, మందులు, టార్చిలైట్లు వారానికి సరిపడా ఉన్నాయా అన్నది కనుక్కోండి. ఇల్లు కొనుక్కుంటుంటే మరీ.

బంగాళాఖాతం ఎందుకు అంత త్వరగా ఉడుకుతుంది?

మన నదుల వల్ల. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఈ ఒక్క సముద్రంలోనే కలుస్తాయి. మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక. అది సముద్రం మీద పలచటి దుప్పటిలా పరుచుకుంటుంది. కింది ఉప్పునీటితో తొందరగా కలవదు. ఎండ వేడంతా ఆ పైపొరలోనూ దాని కిందా నిలిచిపోతుంది. తుపాను వచ్చి కలియబెట్టినా అడుగు చల్లదనం పైకి రావడం కష్టం. వరదలు పారి ముగిసే అక్టోబరు, నవంబరు నెలల్లోనే పెద్ద తుపాన్లు వస్తాయన్నది తీరంలో ఎవరినడిగినా చెబుతారు.

ఎల్ నినో ఏడాది బంగాళాఖాతంలో తుపాన్లు తగ్గుతాయా?

లా నినా ఏళ్లలో అక్టోబరు తర్వాత బంగాళాఖాతంలో బలమైన తుపాన్లకి వీలు ఎక్కువ. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ అలా వచ్చిందే. డైపోల్ పాజిటివ్ అయితే తుపాన్ల వాటా అరేబియా సముద్రం వైపు మొగ్గుతుంది. 2019లో ఈ రెండు సముద్రాల్లో 8 తుపాన్లు వస్తే, 5 అరేబియాలోనే పుట్టాయి. మామూలుగా అక్కడ ఏడాదికి ఒకటో రెండో వస్తాయి.

ఇదంతా చదివి ఎల్ నినో అయితే మనకి భయం లేదనుకుంటే పొరపాటు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చి పదివేల మందికి పైగా పోయారు. ఆ చలికాలం పసిఫిక్‌లో ఎల్ నినోయే నడుస్తోంది, బలహీనమైనదే అయినా.

నా కళ్లముందు జరిగినది ఒకటి చెబుతాను. 2023 బలమైన ఎల్ నినో ఏడాది. బాపట్ల వైపు మా మేనమామకి నాలుగెకరాల వరి. ఈ ఏడు వానలు లేవు, తుపాను కూడా ఏం వస్తుందిలే అని కోతకి తొందరపడలేదు. డిసెంబరు మొదట్లో మిచౌంగ్ హెచ్చరిక వచ్చింది, టైముకే వచ్చింది. కానీ అప్పటికి ఊరంతా ఒక్కసారే కోత మిషన్ కోసం పరుగెత్తింది. రెండెకరాలు మనుషుల్ని పెట్టి కోయించి పనలు చేలోనే వదిలేశాడు, కుప్ప వేసే వ్యవధి లేక. 5వ తేదీన తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. వారం తర్వాత నేను వెళ్లేసరికి నీళ్లు ఇంకా తీయలేదు. పన ఒకటి ఎత్తి చూపించాడు. కంకిలోని గింజలకి తెల్లగా, అర అంగుళం మొలకలు. 'ఎల్ నినో అన్నారు కదరా' అన్నాడు. నా దగ్గర మాట లేదు, ఎందుకంటే ఆ మాట ఆయనకి జూన్‌లో చెప్పింది నేనే. వానకాలం గురించి చెప్పాను, తుపాను గురించి ఆ మాట చెల్లదని చెప్పలేదు.

సీజన్ అంచనాకీ తుపాను హెచ్చరికకీ మధ్యలో ఇంకేమీ లేదా?

ఉంది. మాడెన్-జూలియన్ ఆసిలేషన్ అని ఒక వాన మేఘాల గుంపు, 30 నుంచి 60 రోజులకోసారి భూమధ్యరేఖ వెంట పడమటి నుంచి తూర్పుకి ప్రయాణం చేస్తుంది. అది హిందూ మహాసముద్రం మీదికి వచ్చిన వారాల్లో బంగాళాఖాతంలో అల్పపీడనాలు ఎక్కువ పుడతాయి. దీన్ని చూసుకుని రెండు మూడు వారాల ముందు ఒక మాట చెప్పవచ్చు. వాతావరణ శాఖ వారంవారం ఇచ్చే విస్తృత అంచనాల్లో ఇది కనబడుతుంది. మన టీవీలు దీన్ని పెద్దగా పట్టించుకోవు. నన్నడిగితే రైతుకి ఎల్ నినో వార్తకన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది.

సముద్రం లోపలి వేడిని ఎలా కొలుస్తారు?

ఆర్గో అనే తేలియాడే యంత్రాలు ప్రపంచమంతా కలిపి దాదాపు నాలుగు వేలున్నాయి. ఒక్కొక్కటీ పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతుకి మునిగి, పైకి వస్తూ ఉప్పదనం, వేడి కొలిచి ఉపగ్రహానికి పంపుతుంది. మన దేశం వదిలిన వాటి లెక్కలు చూసేది హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ. జాలర్లకి చేపలు ఎక్కడ దొరుకుతాయో చెప్పేదీ, సునామీ హెచ్చరికలిచ్చేదీ వాళ్లే. సముద్రానికి దూరంగా, దక్కన్ రాళ్ల మధ్య కూర్చుని చేసే పని అది.

భూమి వేడెక్కుతుంటే ఈ చక్రాలు ఏమవుతాయి?

చక్రాలు ఆగవు. కానీ అవి ఊగే నేలే ఎత్తవుతోంది. 1950ల నుంచి హిందూ మహాసముద్రం ఉపరితలం దాదాపు 1 డిగ్రీ వేడెక్కింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే 7 శాతం దాకా ఎక్కువ తేమ పట్టుకోగలదు, ఆ తేమ వానగా దిగుతుంది. తుపాన్ల సంఖ్య బాగా పెరుగుతుందని కాదు, వచ్చినవాటిలో బలమైనవాటి వాటా పెరుగుతుంది, అవి తెచ్చే వాన పెరుగుతుంది. సముద్రమట్టం పెరిగిన కొద్దీ ఉప్పెన ఇంకాస్త లోపలికి వస్తుంది.

ఇంతకీ ఏది ఎప్పుడు చూడాలి?

ఏప్రిల్‌లో వాతావరణ శాఖ ఇచ్చే మొదటి అంచనా చూసి విత్తనాలు కొనేయకండి. వసంతకాలంలో పసిఫిక్ ఎటు తిరుగుతుందో పోల్చుకోవడం శాస్త్రవేత్తలకీ కష్టమే. మే చివర వచ్చే రెండో అంచనా ఇంకా నమ్మదగ్గది. స్వల్పకాలిక వరి వేయాలా, మెట్టలో కంది, ఆముదం పెంచాలా, బోరు మీద ఎంత ఆధారపడాలి అన్న నిర్ణయాలకి అది సరిపోతుంది.

అక్టోబరు వచ్చాక ఎల్ నినో, లా నినా పేర్లు పక్కన పెట్టేయండి. అక్కణ్నించి వారం అంచనా, అల్పపీడనం పుట్టగానే రోజువారీ బులెటిన్, అంతే. తీరం దాటే చోటు మూడు నాలుగు రోజుల ముందే చాలావరకు తెలుస్తోంది. ఆ మూడు రోజుల్లో ఏం చేయగలమన్నది ముందే సిద్ధం చేసుకుని ఉండాలి. మా మామయ్య ఇప్పుడు దసరా వెళ్లగానే కోత మిషన్ అతనికి అడ్వాన్సు ఇచ్చేస్తున్నాడు, బరకాలు నాలుగు కొని సావిట్లో దూలానికి కట్టి ఉంచాడు.